పరాయి ఊర్ల మాట వడ్డోళ్ళకు బీపీ ఎందుకొస్తది: వలస పోయినోళ్ళ ఉత్తరాలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీల నిద్ర పట్టకపోవుడు గురించి రాసిన. దాని మీద వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముందటేసుకొని కూసుంటే సగానికి సగం ఇల్లు విడిచి దూరం పోయినోళ్ళయే, లేకుంటే వాళ్ళ ఇంటోళ్ళయే ఉన్నయి. మెట్‌పల్లి దిక్కుకెళ్ళి ఒకామె, అమెరికాకెళ్ళి హన్మకొండ పిల్ల, భీవండి నుంచి వాపసొచ్చిన ఒక తండ్రి. అడిగిన ప్రశ్నలు వేరేవేరే గనీ ఒంట్లె తకలీఫు మాత్రం అందరిది ఒక్క తీరుగనే కనవడ్డది. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కకు వెట్టి ఇవే తీసుకున్న. ఎవరిదో గుర్తువట్టకుండ వివరాలు కొన్ని మార్చిన.

ప్రశ్న: అక్కా, మాది మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. మా ఆయన సౌదీకి పోయి తొమ్మిదేండ్లాయె, కంపెనీ వీసా, షటరింగ్ పని. రెండేండ్లకోపారి రెండు నెలల చుట్టీ మీద వస్తడు. ఈసారి వచ్చినంక మనిషి మనిషి లెక్క లేడు. రాత్రి రెండింటికి లేసి వాకిట్ల కూసుంటడు, ఛాతిల బరువు అంటడు, తల తిమ్మిరి అంటడు. ఈసీజీ తీసిన్రు, ఎకో తీసిన్రు, అంత మంచిగనే ఉంది, బీపీ ఒక్కటే 150 మీద 100 ఉంది అన్నరు. వయసు 38, తాగుడు లేదు. ఒకనాడు అడుగంగ అడుగంగ చెప్పిండు, అక్కడ ఫోర్‌మన్ పేరు వెట్టి పిలువడట, పశువును అదిలించినట్టు అదిలిస్తడట, అందరి ముందల హెల్మెట్ మీద కొడ్తడట. "దీనికెవలన్న మందు రాస్తరానే, ఊకో" అన్నడు. మా అత్తమ్మ ఎవలో చేసిన్రని తాయెత్తు కట్టిచ్చింది. వచ్చే నెల మళ్ళ పోవాలె. ఇది గుండె జబ్బా, మనసు జబ్బా? పంపాల్నా వద్దా?

జవాబు: చెల్లె, మీ ఆయన నీకు ఆ హెల్మెట్ ముచ్చట చెప్పుడే చానా పెద్ద సంగతి, ముందుగాల అది తెలుసుకో. నేను నర్సుగ చేసిన ఏండ్లల్ల, తర్వాత కౌన్సెలింగ్ చేసిన ఏండ్లల్ల గల్ఫ్ నుంచి వచ్చిన మగోళ్ళను మస్తు మందిని చూసిన, ఒక్కరు కూడ వచ్చి కూసోంగనే "నాకు అవమానమైతుంది మేడం" అనలేదు. "గ్యాస్ అయితుంది", "నడుము గుంజుతుంది", "నిద్ర వడ్తలేదు, గోలీ ఉంటే రాయున్రి" అనే అన్నరు. అవమానానికి మన ఇండ్లల్ల మగోళ్ళకు మాట నేర్పలేదు, అందుకే అది ఛాతిలకు, కడుపులకు, మెడ నరాలల్లకు పోయి అక్కడకెళ్ళి మాట్లాడుతది.

గుండె జబ్బా మనసు జబ్బా అని నువ్వు రెండుగ విడగొట్టి అడిగినవు, ఒంట్లె అట్ల రెండు వేరేవేరే అర్రలు లేవు. ఎవరన్న మీదికొస్తున్నరంటె మన మూత్రపిండాల మీద టోపీలెక్క ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతయి, గుండె జోరుగ కొట్టుకుంటది, బీపీ ఎక్కుతది, రక్తంల చక్కెర పెరుగుతది. కొట్లాడెతందుకో ఉరికెతందుకో ఒళ్ళు తయారైతది అన్నట్టు. పని అయిపోంగనే అదంత దిగాలె. గనీ మీ ఆయన కొట్లాడలేడు, ఉరుకలేడు, ఆకామా, అంటే అక్కడ ఉండెతందుకు ఇచ్చే పర్మిట్ కార్డు, కంపెనీ చేతుల ఉంటది, ఇక్కడ అప్పు ఉంటది. పొద్దున సైట్ మీదికి పోయినకాడికెళ్ళి ఆయన ఇప్పుడు ఏమంటడో, ఎప్పుడు కొడ్తడో అని ఒళ్ళంత చెవులు చేసుకొని ఉంటడు. బాయిల నీళ్ళు లేకున్నా మోటరు ఆపకుండ తిరిగితే వైండింగ్ కాలుతది సూడు, గట్లనే. 1993ల బ్రూస్ మెక్‌ఈవెన్ అనే శాస్త్రవేత్త, ఇంకొకాయన కలిసి ఈ అరుగుడుకు ఒక పేరు వెట్టిన్రు, అలోస్టాటిక్ లోడ్ అని. ఒక్కనాటి దెబ్బ కాదు, రోజు రోజు ఇంతింత పడుకుంట పోయి రక్తనాళాలు గట్టివడుడు, షుగర్ వచ్చుడు, నిద్ర చెడుడు.

ఇంకో ముచ్చట చెప్త. మామూలుగ మనిషి పండుకున్నంక బీపీ 10 నుంచి 20 శాతం దాకా దిగుతది. రోజూ చిన్నచూపు పడెటోళ్ళ మీద అమెరికాల చేసిన అధ్యయనాలల్ల కొన్నిట్ల, వాళ్ళకు రాత్రి బీపీ గంత దిగుతలేదని కనవడ్డది. అంటే ఫోర్‌మన్ క్యాంపుల లేకున్నా, వెయ్యి మైళ్ళ అవతల ఉన్నా, ఒంటికి డ్యూటీ దిగలే. మీ ఆయన రాత్రి రెండింటికి వాకిట్ల కూసునుడు గది. ఎవలో చేసింది కాదు. అయినా తాయెత్తు తీసేయమని అత్తమ్మతోని లొల్లి పెట్టుకోకు, ఆమె ఫికర్‌ గట్ల చూపెట్టుకుంటుంది, అది ఉంటే ఉండనీ, గోలీలు మాత్రం ఆపొద్దు.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. ఇంట్ల బీపీ మిషిన్ లేకుంటే ఊర్లె సబ్ సెంటర్ల వారం దినాలు పొద్దుమాపు చూపిచ్చి కాగితం మీద రాయున్రి. 140 మీద 90 దాటుకుంటనే ఉంటే అది బీపీనే, ఫికర్‌తోని వచ్చిందని మందు లేకుండ వదిలిపెట్టేది కాదు, డాక్టర్ రాస్తే వాడాల్సిందే. ఈసీజీ, ఎకో తీసిన్రు సరే, రక్తంల క్రియాటినిన్, షుగర్ కూడ చూపియ్యి, ఎండల ఏండ్లకేండ్లు నీళ్ళు సరిగ తాగకుండ పనిచేసిన మనిషి కిడ్నీలు తప్పక చూసుకోవాలె. మన దేశపోళ్ళకు గుండెపోటు వేరే దేశాలోళ్ళ కంటె చిన్న వయసులనే వస్తది గనుక ఛాతి నొప్పి ఎడమ చెయ్యికి పాకినా చెమటలు వట్టినా, మనసుదే అనుకొని ఇంట్ల కూసోవద్దు. నిద్రకు గోలీ రాస్తే డాక్టర్ చీటీ లేకుండ బ్యాగుల వేసుకొని పోవొద్దు, ఆ దేశంల కొన్ని మందులకు ముందే పర్మిషన్ ఉండాలె, లేకుంటే కేసు కావచ్చు. పోయే ముందు ఒకపారి 14416కు ఫోన్ చెయ్యున్రి, టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్‌ల సర్కారు మొదలువెట్టింది, పైసలు కట్టేది లేదు, రాత్రి రెండింటికి కూడ ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు.

పంపాల్నా వద్దా అన్నది నేను చెప్పేది కాదు చెల్లె, మీ మిత్తి లెక్క మీకే ఎర్క. గనీ పోతే అదే ఫోర్‌మన్ కిందికే పోవాల్సిన పని లేదేమో సూడున్రి. 2021 మార్చి నుంచి సౌదీల ప్రైవేటు కంపెనీల పనిచేసేటోళ్ళు ఏడాది నిండినంక కొన్ని షరతుల మీద కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చు. ఇంటి పనోళ్ళకు, ఇంటి డ్రైవర్లకు, గొర్ల కాపరులకు ఇది వర్తించదు, మీ ఆయనది కంపెనీ వీసా కాబట్టి అడగొచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగటీలి 12 నుంచి 3 వరకు ఎండల పని చేపియ్యొద్దని అక్కడ రూల్ ఉంది. దెబ్బలు కొడితే తారీఖు, టైము, చూసినోళ్ళ పేర్లు ఫోన్‌ల రాసుకోమని చెప్పు, ఇండియన్ ఎంబసీకి గానీ మదద్ అనే విదేశాంగ శాఖ పోర్టల్‌ల గానీ ఫిర్యాదు వెట్టొచ్చు. వెట్టంగనే పని అయితదని నేను అంటలేను, గనీ నా మాట ఎక్కడన్న కాగితం మీద ఉంది అనుకునుడే మనిషికి కొంత బలం.

ఇగ ఫోన్‌ల నువ్వు "పైసలు పంపినవా, తిన్నవా" తోని ఆపకు. ఈ దినం ఎవలతోని కూసొని తిన్నవు, ఎవలేమన్నరు అని అడుగు. నువ్వు కూడ ఎన్ని దినాలసంది పండుతలేవో నీ ఉత్తరంల రాయలే, గనీ రాత్రి రెండింటికి ఆయన లేసింది నీకెట్ల తెల్సు? నీ బీపీ కూడ చూపిచ్చుకో.

ప్రశ్న: మేడం, మాది హన్మకొండ, నయీంనగర్. ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి పద్నాలుగు నెలలు. క్యాంపస్ కెఫెటేరియాల పార్ట్ టైమ్ చేస్తా. నా పేరు ఎవరికీ పలకరాదు, గ్రూప్ ప్రాజెక్ట్‌ల నేను ఏమన్నా చెప్తే "వాట్" అని మొహాలు చూస్కొని నవ్వుతారు, కౌంటర్ దగ్గర ఒకతను మీ దేశం పో అన్నాడు. సరే మనోళ్ళతో ఉందామని తెలుగు అమ్మాయిల ఫ్లాట్‌లకి పోతే రెండో వారంలనే ఇంటిపేరు అడిగి, మీరేమిట్లు అని అడిగి, తర్వాత మెల్లగ నా గిన్నెలు వేరే అరల పెట్టేశారు. ఏం గొడవ లేదు, బాగనే మాట్లాడ్తారు, గిన్నెలు మాత్రం వేరే. ఏడు కిలోలు తగ్గిన, నాలుగు నెలలసంది పీరియడ్స్ రాలే, క్లాస్‌ల చెయ్యి ఎత్తాలంటే గుండె దడదడ కొట్టుకుంటది. ఇంట్ల చెప్పలేను, బాపు నలభై లక్షల లోన్ తీస్కున్నడు. పోయినేడు బతుకమ్మకి కూడ పోలే, ఆ గ్రూప్ వాళ్ళే ఉంటారని. నేను అడ్జస్ట్ కాలేకపోతున్నానా, నాల ఏమన్న లోపం ఉందా?

జవాబు: లేదు బిడ్డా. నీ ఉత్తరం మూడుమార్లు చదివిన, ఆ గిన్నెల కాడికి వచ్చినప్పుడల్లా ఆగిన. బయట తలుపు మూసిన్రని ఇంట్లకొస్తే ఇంట్ల తలుపు కూడ మూసుడంటె, ఇగ మనిషి నిలవడేది ఎక్కడ? అడ్జస్ట్ అయితలేను అని నిన్ను నువ్వు అనుకుంటున్నవు, అడ్జస్ట్ కావాలంటె అటు దిక్కున్నోళ్ళు కూడ జరంత జరుగాలె గద.

జాన్ బెర్రీ అని కెనడా సైకాలజిస్టు ఉన్నడు, వలస పోయినోళ్ళ మనసు మీద ఏండ్లకేండ్లు పనిచేసిండు. కొత్త దేశంల మనుషులు నాలుగు తీర్ల ఉంటరంటడు. మనది ఇడువకుండ వాళ్ళది నేర్చుకునుడు ఒకటి, మనది మొత్తం ఇడిచిపెట్టి వాళ్ళ లెక్క అయిపోవుడు ఒకటి, వాళ్ళ మొఖం చూడకుండ మన గుంపులనే ఉండుడు ఒకటి, ఇటు కాకుండ అటు కాకుండ ఒక్కరే అయిపోవుడు ఇంకొకటి. మొదటి తీరు ఉన్నోళ్ళకు ఒంటి మీద భారం తక్కువ, ఆఖరి తీరు ఉన్నోళ్ళకు ఎక్కువ, ఎక్కువ అధ్యయనాలల్ల ఇట్లనే వచ్చింది. అయితే బెర్రీనే ఇంకో మాట అంటడు, ఈ నాలుగిట్ల ఏది దొరుకుతదన్నది వచ్చినోళ్ళ చేతులనే ఉండదు, ఉన్నోళ్ళు రానిస్తరా లేదా అన్న దాని మీద కూడ ఉంటది అని. నువ్వు ఆ నాలుగో మూలకు నడిచి పోలేదు, రెండు దిక్కులకెళ్ళి నిన్ను నూకిన్రు.

ముందు ఒళ్ళు. పీరియడ్స్ ఆగుడు, ఏడు కిలోలు తగ్గుడు "టెన్షన్" అని పక్కకు వెట్టేటియి కాదు. తిండి తగ్గి ఫికర్ పెరిగితే మెదడు పీరియడ్స్ ఆపేస్తది, నిజమే, గనీ థైరాయిడ్, హీమోగ్లోబిన్, బీ12 చూపిచ్చుకోకుండ గట్లనే అని మనం అనొద్దు. స్టూడెంట్ హెల్త్ సెంటర్ల ఈ వారమే అపాయింట్‌మెంట్ తీస్కో, నీ ఇన్సూరెన్స్‌ల ఏమేం వస్తయో వాళ్ళనే అడుగు. చానా యూనివర్సిటీల కౌన్సెలింగ్ సెంటర్ కూడ ఉంటది, అక్కడ చెప్పుకున్నది ప్రొఫెసర్లకు చేరదు, నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే తప్ప మామూలుగ బయట పెట్టరు. చచ్చిపోవాలె అన్నంత దాకా ఏ రాత్రి అనిపించినా 988కి ఫోన్ చెయ్యి, అది అక్కడ దేశమంత నడిచే నంబర్, మెసేజ్ కూడ చెయ్యొచ్చు.

గిన్నెల సంగతికి వస్తే, దానికి అక్కడ కూడ పేరుంది, కులం వివక్ష. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, అంతకుముందే 2019ల బ్రాండైస్ యూనివర్సిటీ, 2022ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ రూల్స్‌ల కులం అన్న మాట చేర్చినయి. మీ యూనివర్సిటీ రూల్స్‌ల ఏముందో చూడు. ఫిర్యాదు చెయ్యాలె అని నీ నెత్తి మీద నేను ఇంకో బరువు పెట్టను, అది నీ ఇష్టం, నీ టైము. గనీ ఆ ఫ్లాట్ వదిలిపెట్టు. లీజ్ అయిపోయేదాక ఆగాల్నంటె ఆగు, తారీఖు మాత్రం ఇప్పుడే పెట్టుకో. ఏ దేశమోళ్ళైనా సరే, నీ గిన్నెల అన్నం తిన్నోళ్ళతోని ఉండు.

ఇంకొకటి, చెయ్యి ఎత్తాలంటే దడ వస్తుందన్నవు. రోజు రోజు ఎదురయ్యే చిన్నచూపును కొలిచెతందుకు 1997ల డేవిడ్ విలియమ్స్, ఆయన తోటోళ్ళు ఒక ప్రశ్నల పట్టీ చేసిన్రు. అందుల అడిగేది పెద్ద పెద్ద దాడుల గురించి కాదు. నిన్ను తక్కువ మర్యాదతోని చూస్తున్నరా, దుకాణంల సరిగ పలుకుతలేరా, నీకు తెలివి లేనట్టు మాట్లాడుతున్నరా, గిసొంటియే. ఎందుకంటె ఒంటిని తినేది ఇయ్యే. నువ్వు "ఏం గొడవ లేదు" అని రాసినవు గద, గొడవ లేకుండ అయ్యేదే ఎక్కువ దినాలు నడుస్తది.

బాపుకు చెప్పు. మొత్తం చెప్పకు గనీ "నాకు ఆరోగ్యం బాగలేదు, డాక్టర్ దగ్గరికి పోతున్న" అని అయితే చెప్పు. లోన్ నలభై లక్షలు అని ఆయన దాస్తలేడు, నువ్వు ఒంట్లె బాగలేదని ఎందుకు దాచాలె. ఇగ బతుకమ్మ ఎవలిదో ఆ గ్రూప్ది కాదు. నీకు తంగేడు దొరకకపోవచ్చు, అక్కడ దొరికే పసుపుపచ్చ పువ్వులు తెచ్చి రూముల ఒక పళ్ళెంల పేర్చి, మీ అమ్మతోని వీడియో కాల్‌ల ఒక్క పాట పాడు. ఇది మనసు సముదాయించెతందుకు చెప్తున్న ముచ్చట కాదు. కాలిఫోర్నియాల ఉన్న జపాన్ మగోళ్ళ మీద 1976ల మార్మట్, సైమ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన్రు, తమ వాళ్ళతోని, తమ పద్ధతులతోని గట్టిగ ముడివడి ఉన్నోళ్ళకు గుండె జబ్బు జపాన్‌ల ఉన్నంత తక్కువనే ఉన్నది, అన్నీ ఇడిచి అక్కడోళ్ళ లెక్క అయినోళ్ళకు మూడు నుంచి ఐదింతలు ఎక్కువున్నది. తిండి, సిగరెట్, బీపీ అన్నీ లెక్కల తీసుకున్నా ఆ తేడా పోలేదు.

ప్రశ్న: మీరు రాసేటివి చదువుతుంటే కోపం వస్తది. మా నాయన 1978ల మస్కట్ పోయిండు, ఉత్తరం రావాల్నంటె నెల పట్టేది. ఎవరూ స్ట్రెస్ అనలేదు. ఇప్పటోళ్ళకు సుకుమారం నేర్పుతున్నరు.

జవాబు: సార్, మీ కోపం నాకు అర్థమైతది, మీ నాయన పడ్డ కష్టాన్ని తక్కువ చేసినట్టు మీకు అనిపించింది. నేను చేసేది దానికి ఉల్టా. మా వాడకట్టుల టేప్ రికార్డర్ ఉన్న ఇల్లు ఒక్కటే ఉండె, దుబాయి నుంచి క్యాసెట్ వచ్చిందంటె పదిమంది చేరి వినేటోళ్ళం. ఒకాయన "అందరు బాగున్నరా, నేను బాగున్న" అని మొదలువెట్టి మధ్యల ఏం మాట్లాడకుండ ఊకున్నడు, క్యాసెట్ తిరుగుతనే ఉంది, దగ్గు వినవడ్డది, ఆయన భార్య లేసి లోపలికి పోయింది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. స్ట్రెస్ అన్న మాట లేదు, గదొక్కటే లేదు.

ఆ జబ్బుకు పేరు కూడ కొత్తది కాదు. 1688ల స్విట్జర్లాండ్‌ల జోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇల్లు విడిచి పోయి కుంగిపోయినోళ్ళను చూసి నోస్టాల్జియా అనే పేరు కట్టిండు, దాన్ని జబ్బుగనే రాసిండు. మీ నాయన వాపసొచ్చినంక బీపీ ఉండెనా, నిద్రల ఉలిక్కిపడేటోడా, ఎవలన్న గట్టిగ మాట్లాడితే లేసి పోయేటోడా, అమ్మ ఉంటే ఒకపారి అడుగున్రి.

ప్రశ్న: నమస్తె. మేము పద్మశాలీలం, మా తాత కాలంల వరంగల్ నుంచి భీవండి పోయినం, పద్మానగర్ల ఉండేటోళ్ళం, పవర్‌లూమ్ పని. పోయినేడు వాపసొచ్చినం. మా కొడుకు ఎనిమిదో తరగతి. ఇంట్ల తెలుగే మాట్లాడుతం గనీ వాని తెలుగుల మరాఠీ, హిందీ కలుస్తది. బడిల "బొంబాయోడు" అని పేరు వెట్టిన్రు. ప్రతి సోమవారం పొద్దున కడుపునొప్పి. స్కానింగ్ తీపిచ్చినం, ఏం లేదు. మాస్టారేమో నాటకం అంటున్నడు.

జవాబు: అన్నా, నాటకం కాదు. కడుపుకు, మెదడుకు నడుమ నరాల తొవ్వ ఉంటది, భయమైతే పేగులు నిజంగనే మెలివడ్తయి, నొప్పి నిజంగనే వస్తది. స్కానింగ్‌ల కనవడదు, అంతే. శని, ఆదివారం ఉండకుండ సోమవారమే వస్తుందంటె ఆ నొప్పి ఎక్కడకెళ్ళి వస్తుందో అదే చెప్తుంది. అయితే బరువు తగ్గినా, రాత్రి నొప్పితోని నిద్రల లేసినా, రక్తం పడ్డా మళ్ళ డాక్టర్‌కు చూపియ్యాలె, అవి వేరే లెక్క.

బడి మానిపియ్యకున్రి. నొప్పున్నా మెల్లగ పంపున్రి, ఇంట్ల ఉంచితే వచ్చే సోమవారం రెండింతలైతది. అదే టైముల మీరు బడికి పోయి హెడ్ మాస్టర్‌తోని కూసొని ఆ పేరు పెట్టి పిలుచుడు ఆపాలె అని అడుగున్రి, కోపంగ కాదు, గనీ గట్టిగ. "పిల్లలన్నంక అంటరు" అంటె ఊకోవద్దు. గట్ల ఎక్కిరిచ్చుడు నెలలకు నెలలు నడిస్తే పిల్లగాని నిద్ర, తిండి, చదువు మూడూ చెడొచ్చు.

మీకు ఒకటి గుర్తు చెయ్యాల్నని ఉంది. మీ తాత భీవండి పోయిన కొత్తల అక్కడ "మద్రాసీ" అని పిలిచి ఉంటరు, మనోళ్ళను ఆ దిక్కు అందరినీ గట్లనే అన్నరు. ఆయన ఎట్ల తట్టుకున్నడంటె చుట్టూ పద్మానగర్ ఉండె, వాడకట్టంత మనోళ్ళు, మగ్గం చప్పుడు, మార్కండేయ గుడి, తెలుగు బడి. మీ కొడుకుకు ఇప్పుడు సొంత ఊర్లె ఆ వాడకట్టు లేదు. సూరత్, భీవండి, సోలాపూర్ నుంచి నేతోళ్ళు వాపసు రావాలెనని 2017 అక్టోబర్‌ల సంగెం, గీసుగొండ మధ్య మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసిన్రు, మగ్గాల గురించి మాట్లాడిన్రు, జాగ గురించి మాట్లాడిన్రు, వాపసొచ్చే పిల్లల బడి గురించి మాత్రం అంత మాట్లాడలేదు అనిపిస్తది నాకు. మీ తీరుగ వాపసొచ్చిన ఇండ్లు ఇంకో నాలుగు ఉంటే ఆ పిల్లలందరిని ఆదివారం ఒక్కకాడ ఆడుకోనియ్యున్రి. వాని మరాఠీ మాన్పియ్యకున్రి. తెలుగు అదే వస్తది.

ప్రశ్న: విదేశాలకు పోయినోళ్ళకు షుగర్ వచ్చేది తిండితోనా, అవమానంతోనా?

జవాబు: రెండిటితోని, ఇంకా మూడోది కూర్చుండుడుతోని. మామూలుగ వలస పోయెటోళ్ళు పోయేనాడు అక్కడున్నోళ్ళ కంటె ఆరోగ్యంగనే ఉంటరు, ఎందుకంటె జబ్బున్నోళ్ళు, ముసలోళ్ళు పోలేరు, మెడికల్ ఫెయిలైతే వీసానే రాదు. ఏండ్లు గడుస్తుంటే ఆ బలం కరిగిపోతది, ఇది చానా దేశాలల్ల కనవడ్డది. కార్టిసాల్ ఎక్కువ దినాలు ఎక్కువుంటే చక్కెర పెరుగుతది, నడుము చుట్టు కొవ్వు చేరుతది, నిద్ర తక్కువైతే తీపి మీద మనసు పోతది. పరాయి దేశం పోయిన మొదటి ఏడాదిల ఒకపారి, తర్వాత ఏటేటా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్త పరీక్ష, చేపిచ్చుకుంటే చాలు.

ప్రశ్న: నేను పెద్దపల్లి జిల్లాల ఆశా కార్యకర్తను. మా ఊరి దగ్గర ఇటుకబట్టీలకు ఏటా ఒడిశా నుంచి, బొలాంగీర్, నువాపడా దిక్కుకెళ్ళి కుటుంబాలు వస్తయి. ఆడోళ్ళు తలనొప్పి, నడుము నొప్పి, నిద్ర లేదు అని సైగ చేస్తరు గనీ దవాఖానకు రమ్మంటె రారు. ఒకామె ఏడు నెలల గర్భిణి, ఒక్కసారి వచ్చి మళ్ళ రాలే. ఏం చెయ్యాలె?

జవాబు: చెల్లె, ఈ ఉత్తరం ఆఖరుకు పెట్టిన ఎందుకంటె పైన రాసిన ఫోర్‌మన్, పైన రాసిన ఫ్లాట్ పిల్లలు, ఇక్కడ మనమే. ఆ ఏడు నెలలామె ఒక్కసారి వచ్చినప్పుడు ఏమైందో కనుక్కో. నేను చూసిన ఒక దవాఖానల, పేరెందుకు, ఒడియా ఆమె లైన్ల నిలవడితే "వీళ్ళు వాసన" అని ముక్కు మూసుకున్నరు, చీటీ రాసెటాయన ఆమె చెప్పింది విని నవ్విండు. ఆమెకు మన భాష రాదు గనీ ఆ నవ్వు తెలుస్తది. మళ్ళ ఎందుకొస్తది? నేను అప్పుడు అక్కడనే ఉండి ఊకున్న, అది ఇప్పటికీ నన్ను కుదురుగ ఉండనియ్యది.

వాళ్ళు అడ్వాన్సు తీస్కొని, అప్పు మెడల వేసుకొని వస్తరు, ఇటుకల లెక్క ఆగితే అప్పు తీరదు, అందుకే పగటీలి పిలిస్తే రారు. నువ్వే పొద్దుమీకినంక ఏఎన్ఎంతోని బట్టీ కాడికి పో. బీపీ మిషిన్, హీమోగ్లోబిన్ చూసేది పట్టుకొని పో. గర్భిణికి టీకాలు, ఐరన్ గోలీలు, పిల్లలకు టీకాలు ఏ రాష్ట్రమోళ్ళైనా ఇక్కడ వేయిచ్చుకోవచ్చు, అంగన్‌వాడిల కూడ పేరు రాపియ్యి. రేషన్ కార్డు ఉంటే ఇక్కడనే బియ్యం తీసుకోవచ్చు, వన్ నేషన్ వన్ రేషన్ కార్డు కింద రాష్ట్రం దాటి రేషన్ ఇచ్చుడు మొదలైనదే 2019 ఆగస్టుల మన తెలంగాణ, ఆంధ్ర నడుమ, ఇంకా మహారాష్ట్ర, గుజరాత్ నడుమ. వాళ్ళల్ల చానా మందికి ఇది తెల్వదు. కాన్పు టైముకు బండి ఇయ్యమని బట్టీ యజమానిని అడుగు, 108 నంబర్ గుడిసె తలుపు మీద బొగ్గుతోని రాసిపెట్టు.

భాషకు భయపడకు. బట్టీల తెలుగు వచ్చిన పిల్ల ఒకతి ఉంటనే ఉంటది, ఆ పిల్లను బతిమిలాడి పక్కన కూసోబెట్టుకో, గనీ మొగుడు కొట్టిన సంగతి, పీరియడ్స్ సంగతి పిల్లతోని అడిగియ్యకు, వాటికి ఒక పెద్దామెను చూస్కో. నువ్వు కూడ ఒక్క మాట నేర్చుకొని పో, ఒడియాల "కణ హేలా" అంటె ఏమైంది అని. తప్పు పలికినా ఏం కాదు, ఆమె నవ్వుతది, నీ పక్కకు జరిగి కూసుంటది, అప్పుడు బీపీ పట్టీ కట్టు.